కిరాయి ఇంట్లో మన హక్కులు

“రేపటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యి. లేకపోతే సామాను బయట పడేస్తా.”

కిరాయికి ఉండేవాళ్లలో చాలామంది ఈ మాట విన్నవాళ్లే. విన్నాక ఏం చేస్తాం? పిల్లల్ని పట్టుకుని ఇంకో ఇల్లు వెతుక్కుంటాం. ఇల్లు ఆయనది, మనకేం హక్కుంది అనుకుంటాం.

హక్కు ఉంది. కొంచెమే ఉంది. అదేమిటో చూద్దాం.

తెలంగాణలో కిరాయి ఇళ్లకు 1960లో చేసిన చట్టం ఉంది. అది నగరాలకు, మునిసిపాలిటీలకు వర్తిస్తుంది. పల్లెలకు లేదు. ఆ చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా ఓనరు ఖాళీ చేయించకూడదు. ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు అడగకూడదు. నీళ్లు, కరెంటు ఆపకూడదు. కిరాయి తీసుకుంటే రసీదు ఇవ్వాలి.

మంచి చట్టమే. కానీ 2005లో దాన్ని మార్చారు. నెల కిరాయి కార్పొరేషన్లలో 3,500 రూపాయలు, మిగతా పట్నాల్లో 2,000 రూపాయలు దాటితే ఆ ఇంటికి ఈ చట్టం వర్తించదు. కట్టి 15 ఏళ్లు కాని ఇంటికి కూడా వర్తించదు. ఇప్పుడు హైదరాబాదులో 3,500కు ఒక్క గది దొరకడమే కష్టం. చట్టం ఉన్నట్టే ఉంది, మనలో ఎక్కువమంది దాని గడప బయటే ఉన్నాం.

గడప బయట ఉన్నవాళ్లకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం దిక్కు. దీని ప్రకారం ఓనరు కారణం చెప్పనక్కర్లేదు. కానీ నెల నెలా కిరాయి కట్టేవాళ్లకు 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటిమాట చాలదు, కాగితం మీద రాసి ఇవ్వాలి. అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే మాత్రం అదే లెక్క. అందుకే చదవకుండా సంతకం పెట్టకండి. ఎన్ని నెలలకు రాశారు, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారు, ఎన్ని రోజుల నోటీసు అన్నవి చూడండి. ఒక కాపీ మీరు తీసుకోండి. సాధారణంగా 11 నెలలకే రాస్తారు. 

నోటీసు గడువు అయిపోయినా మీరు ఖాళీ చెయ్యలేదనుకోండి. అప్పుడు కూడా ఓనరు కోర్టుకే పోవాలి. తనంతట తాను తాళం వెయ్యకూడదు. బలవంతంగా వెళ్లగొడితే 6 నెలల లోపల మీరు కోర్టులో కేసు వెయ్యవచ్చు. ఆ కేసులో ఇల్లు ఎవరిదని కోర్టు అడగదు. అందులో ఎవరుంటున్నారు, వాళ్లను ఎట్లా వెళ్లగొట్టారు అనేదే చూస్తుంది.

అయితే మీరు అక్కడ ఉన్నట్టు రుజువు కావాలి. రసీదులు దాచుకోండి. రసీదు ఇవ్వకపోతే ఒక చిన్న పుస్తకంలో తారీఖు, డబ్బు రాసి ఓనరుతో సంతకం పెట్టించండి. ఫోనులో పంపితే ఆ లెక్క ఉండనే ఉంటుంది. కోపం వచ్చి కిరాయి మాత్రం ఆపకండి. బాకీ పడితే ఓనరుకే బలం.

వకీలుకు డబ్బులెక్కడివి అంటారా? 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. సంపాదన ఎంతని చూడరు. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కు ఫోను కూడా చెయ్యవచ్చు. వెళ్లేటప్పుడు అగ్రిమెంటు, రసీదులు, ఓనరు ఇచ్చిన నోటీసు పట్టుకుని వెళ్లండి.