జ్వరం తగ్గిందా, ఇంకా ఉందా? ఇంగ్లిష్‌లో ఒక్క ‘హ్యాజ్’ చెప్పేస్తుంది

ఒక ఆస్పత్రి వార్డు అనుకోండి. డ్యూటీ దిగుతున్న నర్సు, డ్యూటీ ఎక్కుతున్న నర్సుకు పేషెంట్ సంగతి ఇంగ్లిష్‌లో చెబుతోంది. “హి హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్” అంటే, మూడు రోజులు జ్వరం ఉండింది, ఇప్పుడు లేదు అని. “హి హ్యాజ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్” అంటే, మూడు రోజుల నుంచి జ్వరం ఉంది, ఇంకా తగ్గలేదు అని. రెండు వాక్యాలకూ తేడా ‘హ్యాజ్’ అనే చిన్న ముక్కే. కానీ దాన్నిబట్టి వినేవాళ్లు చేయాల్సిన పని మారిపోతుంది.

మొదటి వాక్యం సింపుల్ పాస్ట్. రెండోది ప్రెజెంట్ పర్ఫెక్ట్. ఈ పేర్లు మనలో చాలామందికి కొత్త కాదు. స్కూల్లో ఫార్ములాలు బట్టీ పట్టినవాళ్లమే. ఏది ఎప్పుడు వాడాలి అంటేనే ఆగిపోతాం. గల్ఫ్ కంపెనీ ఇంటర్వ్యూలో, వీసా ఫారంలో, ఆఫీసు మెయిల్‌లో ఈ తడబాటు బయటపడుతుంది. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకైతే స్పీకింగ్‌లో, రైటింగ్‌లో మార్కులు వేసే నాలుగు అంశాల్లో గ్రామర్ ఒకటి. నాలుగింటికీ సమాన విలువ. కాబట్టి దీన్ని ఒకసారి కూర్చుని అర్థం చేసుకుంటే నష్టం లేదు.

వక్త్ ఉందా, అయిపోయిందా?

మనకు బాగా తెలిసిన విషయంతోనే మొదలుపెడదాం. జుహర్ నమాజ్‌కు ఒక వక్త్ ఉంది. అసర్ వక్త్ మొదలయ్యేదాకా అది నడుస్తూనే ఉంటుంది. ఆ లోపల అమ్మ కొడుకును “జుహర్ చదివావా?” అని అడిగితే, చదవకపోతే ఇప్పుడైనా చదువు అనే అర్థం అందులో ఉంది. ఇక్కడ ఇంగ్లిష్‌లో సరిపోయే మాట “హ్యావ్ యూ ప్రేడ్ జుహర్?” అదే ప్రశ్న మగ్రిబ్ తర్వాత అడిగితే, జుహర్ వక్త్ ఎప్పుడో దాటిపోయింది. ఇక కజా చేసుకోవాల్సిందే. అప్పుడు “డిడ్ యూ ప్రే జుహర్?” అనాలి.

అసలు సూత్రం ఇంతే. మీరు మాట్లాడుతున్న కాలం తలుపు ఇంకా తెరిచి ఉంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్. తలుపు మూసుకుపోతే సింపుల్ పాస్ట్. పని అయిపోయిందా లేదా అన్నది కాదు ప్రశ్న. రెండింటిలోనూ పని అయిపోయి ఉండొచ్చు. దానికి ఈ రోజుతో, ఈ క్షణంతో సంబంధం ఉన్నట్టు చెబుతున్నామా లేదా అన్నదే ప్రశ్న.

రమజాన్ 20వ రోజున “ఐ హ్యావ్ ఫాస్టెడ్ ట్వంటీ డేస్ దిస్ రమదాన్” అనొచ్చు. నెల ఇంకా నడుస్తోంది. పోయిన ఏడాది గురించి చెప్పేటప్పుడు “ఐ ఫాస్టెడ్ ఆల్ థర్టీ డేస్ లాస్ట్ రమదాన్” అనాలి. ‘దిస్’ అంటే తలుపు తెరిచే ఉంది, ‘లాస్ట్’ అంటే మూసేశారు.

ఇంట్లో రెండు భాషలు: ఒకటి సాయం, ఒకటి చిక్కు

ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. తెలుగులో “తిన్నాను” అనే ఒక్క మాటే రెండు పనులూ చేస్తుంది. నిన్న తిన్నా తిన్నానే, ఇప్పుడే తిన్నా తిన్నానే. ఉర్దూలో అలా కాదు. “మైనే ఖానా ఖాయా” వేరు, “మైనే ఖానా ఖాయా హై” వేరు. ఇంట్లో మాట్లాడే దక్కనీ కాస్త వేరుగా ఉన్నా, మదరసాలోనో స్కూల్లోనో ఉర్దూ చదివిన పిల్లలకు ఈ ‘హై’ తెలుసు. ఇంగ్లిష్‌లో ‘హ్యావ్’ చేసే పని చాలావరకు ఈ ‘హై’ చేసే పనే. ఎవరైనా భోజనానికి పిలిస్తే “మైనే ఖా లియా హై” అంటాం, అంటే కడుపు నిండి ఉంది, ఇప్పుడు వద్దు అని. ఇంగ్లిష్‌లో అదే “ఐ హ్యావ్ ఈటెన్.”

మరి చిక్కు ఎక్కడ? ఉర్దూలో ‘హై’ పక్కన తేదీ పెట్టినా తప్పు కాదు. “మైనే 2021 మే డిగ్రీ కీ హై” అంటే ఎవరూ ఆక్షేపించరు. “వో కల్ ఆయా హై” అన్నా అంతే. దాన్ని యథాతథంగా ఇంగ్లిష్‌లోకి దించితే “ఐ హ్యావ్ డన్ డిగ్రీ ఇన్ 2021”, “హి హ్యాజ్ కమ్ యెస్టర్‌డే” అవుతాయి. ఇంగ్లిష్‌లో ఇవి రెండూ తప్పే. ముగిసిపోయిన తేదీ వచ్చిన చోట ‘హ్యావ్’ ఉండకూడదు. “ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2021”, “హి కేమ్ యెస్టర్‌డే” అనాలి. ఇక్కడ తెలుగే నయం. “2021లో డిగ్రీ పూర్తి చేశాను” అన్న వాక్యాన్ని నేరుగా దించితే సరైన ఇంగ్లిష్ వస్తుంది.

అంటే గుర్తు పెట్టుకోవడం సులువే. తేదీ ఉంటే తెలుగును నమ్మండి. తేదీ లేకుండా ఇప్పటి సంగతి చెబుతుంటే ఉర్దూ ‘హై’ని నమ్మండి.

ఒక్కచోట మాత్రం రెండు భాషలూ దారి తప్పిస్తాయి. “ఐదేళ్లుగా పనిచేస్తున్నాను”, “పాంచ్ సాల్ సే కామ్ కర్ రహా హూ”. రెండింటిలోనూ వర్తమానమే ఉంది. అందుకే మనోళ్ల నోట “ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్” వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో అది “ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్” కావాలి. ‘ఫర్’ తర్వాత ఎంతకాలమో చెప్పాలి: ఫర్ ఫైవ్ ఇయర్స్, ఫర్ త్రీ డేస్. ‘సిన్స్’ తర్వాత ఎప్పుడు మొదలైందో చెప్పాలి: సిన్స్ 2019, సిన్స్ మండే. “సిన్స్ ఫైవ్ ఇయర్స్” అన్నది ఎక్కడా కుదరదు.

దారి చూపే మాటలు

వాక్యంలో కొన్ని మాటలు కనబడగానే ఏ వైపు వెళ్లాలో తెలిసిపోతుంది.

సింపుల్ పాస్ట్ వైపు: యెస్టర్‌డే, లాస్ట్ వీక్, లాస్ట్ ఇయర్, టూ డేస్ అగో, ఇన్ 2018. ‘వెన్’తో జరిగిపోయిన సంగతి అడిగే ప్రశ్న కూడా ఇటే. “వెన్ హ్యావ్ యూ జాయిన్డ్?” తప్పు, “వెన్ డిడ్ యూ జాయిన్?” ఒప్పు.

ప్రెజెంట్ పర్ఫెక్ట్ వైపు: ఎవర్, నెవర్, సో ఫార్, సిన్స్, జస్ట్, ఆల్రెడీ, యెట్.

రెండు వైపులా వెళ్లేవి: టుడే, దిస్ మార్నింగ్, ‘ఫర్’తో వచ్చే కాలం. ఉదయం పదింటికి “ఐ హ్యావ్ హ్యాడ్ టూ కప్స్ ఆఫ్ టీ దిస్ మార్నింగ్” అనొచ్చు. సాయంత్రం అదే మాట చెప్పాలంటే “ఐ హ్యాడ్ టూ కప్స్” అనాలి. ఉదయం అయిపోయింది కదా.

ఇంటర్వ్యూలో, ఫారంలో

ఇప్పుడు అసలు అవసరానికి వద్దాం. దమ్మామ్‌లో నాలుగేళ్లు చేసి వచ్చిన ఒక అకౌంటెంట్ ఇక్కడ ఇంటర్వ్యూకి వెళ్లాడనుకోండి. “ఐ హ్యావ్ వర్క్‌డ్ ఇన్ దమ్మామ్ ఫర్ ఫోర్ ఇయర్స్” అంటే ఎదుటివాళ్లు, ఇతను ఇంకా అక్కడే ఉద్యోగంలో ఉన్నాడేమో అనుకోవచ్చు. కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది, నోటీసు ఎన్ని రోజులు అని అడగొచ్చు. పని ముగించుకుని వచ్చినవాళ్లు “ఐ వర్క్‌డ్ ఇన్ దమ్మామ్ ఫర్ ఫోర్ ఇయర్స్” అనాలి. ఇంకా అక్కడే ఉన్నవాళ్లకు మొదటి వాక్యం సరిపోతుంది.

సీవీలో కూడా ఇదే లెక్క. వదిలేసిన ఉద్యోగం కింద రాసే పనులన్నీ సింపుల్ పాస్ట్‌లో ఉండాలి: ప్రిపేర్డ్, మేనేజ్డ్, ఫైల్డ్. ఇప్పటిదాకా మొత్తం అనుభవం చెప్పేటప్పుడు ప్రెజెంట్ పర్ఫెక్ట్: “ఐ హ్యావ్ వర్క్‌డ్ ఇన్ త్రీ కంపెనీస్ సో ఫార్.”

వీసా ఫారంలో ఇంకా జాగ్రత్తగా చూడాలి. “హ్యావ్ యూ ఎవర్ బీన్ రెఫ్యూజ్డ్ ఎ వీసా?” అనే తరహా ప్రశ్న అమెరికా వీసా ఫారంలో ఉంటుంది. ‘ఎవర్’ ఉంది కాబట్టి అది ఈ ఏడాది గురించో, పోయిన ఏడాది గురించో కాదు. పుట్టినప్పటి నుంచి ఈ రోజు దాకా ఎప్పుడైనా అని. పదేళ్ల కిందట ఒకసారి తిరస్కరించి ఉన్నా జవాబు ‘యెస్’ అనే రావాలి. వివరం రాసేటప్పుడు మళ్లీ సింపుల్ పాస్ట్‌కు మారాలి: “ఐ వాజ్ రెఫ్యూజ్డ్ వన్స్, ఇన్ 2015.”

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లోనూ ఇదే వరుస పనికొస్తుంది. “హ్యావ్ యూ ఎవర్ లివ్డ్ ఇన్ అనదర్ సిటీ?” అని అడిగితే “యెస్, ఐ హ్యావ్” అని మొదలుపెట్టి, “ఐ లివ్డ్ ఇన్ కర్నూల్ ఫర్ టూ ఇయర్స్ వెన్ ఐ వాజ్ ఎ స్టూడెంట్” అని కొనసాగించాలి. ‘హ్యావ్’తో తలుపు తీసి, కథంతా పాస్ట్‌లో చెప్పాలన్నమాట.

వార్తలూ ఇలాగే రాస్తారు

ఇంగ్లిష్ వార్తల్లో మొదటి వాక్యం, తర్వాతి వాక్యం గమనించి చూడండి. “ద గవర్నమెంట్ హ్యాజ్ అనౌన్స్‌డ్ ఎ న్యూ స్కీమ్” అని మొదలై, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాలు వచ్చేసరికి సింపుల్ పాస్ట్‌లోకి వెళ్లిపోతుంది. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ గురించి చెప్పాలంటే “నిఖత్ జరీన్ హ్యాజ్ వన్ ద వరల్డ్ టైటిల్ ట్వైస్” అంటాం. ఆ వెంటనే “షి వన్ ద ఫస్ట్ ఇన్ ఇస్తాంబుల్ ఇన్ 2022 అండ్ ద సెకండ్ ఇన్ న్యూఢిల్లీ ఇన్ 2023” అంటాం. ఊరూ ఏడాదీ వచ్చాయి, ‘హ్యాజ్’ పోయింది.

చనిపోయినవాళ్లు జీవితంలో చేసిన పనుల గురించి చెప్పేటప్పుడు సింపుల్ పాస్టే వాడాలి. దేశ తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1958లో కన్నుమూశారు. “మౌలానా ఆజాద్ హ్యాజ్ రిటెన్ మెనీ బుక్స్” అంటే ఆయన ఇంకా రాస్తూనే ఉన్నారేమో అన్నట్టు వినబడుతుంది. ‘రోట్’ అనాలి.

వెళ్లారా, వెళ్లొచ్చారా?

“హి హ్యాజ్ గాన్ టు మక్కా” అంటే మక్కా వెళ్లారు, ఇంకా తిరిగి రాలేదు అని. “హి హ్యాజ్ బీన్ టు మక్కా” అంటే వెళ్లొచ్చారు అని. ఇంటికి ఫోన్ చేసినవాళ్లకు “మై ఫాదర్ హ్యాజ్ గాన్ టు దుబాయ్” అని చెబితే నాన్న ఇంట్లో లేరని అర్థం. ఆయన పక్క గదిలోనే ఉంటే ‘బీన్’ అనాలి. తేదీ చెప్పాల్సి వస్తే రెండూ వద్దు: “హి వెంట్ టు దుబాయ్ ఇన్ మార్చ్.”

అమెరికాలో ఉన్న బంధువులు వేరేలా మాట్లాడితే?

“ఐ ఆల్రెడీ ఏట్”, “డిడ్ యూ ఈట్ యెట్?” అని అమెరికాలో సాధారణంగానే అంటారు. బ్రిటిష్ పద్ధతిలో “ఐ హ్యావ్ ఆల్రెడీ ఈటెన్”, “హ్యావ్ యూ ఈటెన్ యెట్?” అనడం ఎక్కువ. అమెరికావాళ్లది తప్పు కాదు, అక్కడి అలవాటు. మన పుస్తకాలు బ్రిటిష్ పద్ధతివి కాబట్టి పరీక్షలో ఆ పద్ధతి పాటిస్తే ఇబ్బంది ఉండదు. అయితే ముగిసిన తేదీ పక్కన ‘హ్యావ్’ పెట్టడం ఇద్దరికీ తప్పే.

మీరూ చేసి చూడండి

కింది వాక్యాలను ఇంగ్లిష్‌లో చెప్పండి. పిల్లలతో కలిసి చేస్తే ఇంకా మంచిది.

1. నా పాస్‌పోర్ట్ పోయింది, ఇంకా దొరకలేదు.
2. నా పాస్‌పోర్ట్ పోయిన శుక్రవారం పోయింది.
3. మా చెల్లి రెండేళ్లుగా నర్సుగా పనిచేస్తోంది.
4. మా దాదీ 2016లో హజ్ చేశారు.
5. మీరు ఎప్పుడైనా విమానం ఎక్కారా?

జవాబులు:

1. ఐ హ్యావ్ లాస్ట్ మై పాస్‌పోర్ట్. (తేదీ లేదు, ఇబ్బంది ఇప్పటికీ ఉంది)
2. ఐ లాస్ట్ మై పాస్‌పోర్ట్ లాస్ట్ ఫ్రైడే. (రోజు చెప్పారు)
3. మై సిస్టర్ హ్యాజ్ బీన్ వర్కింగ్ యాజ్ ఎ నర్స్ ఫర్ టూ ఇయర్స్. (ఇంకా చేస్తోంది)
4. మై గ్రాండ్‌మదర్ పర్ఫార్మ్‌డ్ హజ్ ఇన్ 2016. (ఏడాది చెప్పారు)
5. హ్యావ్ యూ ఎవర్ ట్రావెల్డ్ బై ప్లేన్? (జీవితం మొత్తం మీద)

ఒకటీ రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ చదవండి. పోయింది ఒకే పాస్‌పోర్ట్. “పోయిన శుక్రవారం” అన్న మాట చేరగానే ‘హ్యావ్’ తప్పుకుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ఇంటర్వ్యూలో ఫార్ములా గుర్తు చేసుకుంటూ కూర్చోనక్కర్లేదు. వక్త్ ఉందా, అయిపోయిందా అని మనసులో ఒకసారి అడిగి చూసుకుంటే చాలు.