సీడ్ ఫ్రేజ్ స్క్రీన్‌షాట్ మీ గ్యాలరీలో ఉందా? క్రిప్టో వాలెట్ దొంగలకు అది చాలు!

మెటామాస్క్ సేఫా, ట్రస్ట్ వాలెట్ సేఫా అని నాకు తరచుగా మెసేజ్‌లు వస్తుంటాయి. నన్నడిగితే యాప్ కంటే ముందు చూసుకోవాల్సింది మీ ఫోన్ గ్యాలరీ. వాలెట్ క్రియేట్ చేసిన రోజు వచ్చిన 12 పదాల స్క్రీన్‌షాట్ అందులో ఉంటే, ఎంత మంచి యాప్ వాడినా ప్రయోజనం లేదు.

ఎందుకంటే మీ కాయిన్లు ఫోన్‌లో ఉండవు, బ్లాక్‌చెయిన్‌లో ఉంటాయి. వాటిని కదిలించే ప్రైవేట్ కీలన్నీ ఆ 12 లేదా 24 పదాల నుంచే తయారవుతాయి. మీరు పెట్టుకున్న పిన్, ఫింగర్‌ప్రింట్ మీ ఫోన్‌లోని యాప్‌కి మాత్రమే తాళం. ఆ పదాలు దొరికినవాడు తన ఫోన్‌లోనే మీ వాలెట్ తెరుచుకుంటాడు. మీకు ఓటీపీ కూడా రాదు. బ్యాంకు కార్డైతే ఫోన్ చేసి బ్లాక్ చేయించొచ్చు, ఇక్కడ ఫోన్ చేయడానికి ఎవరూ ఉండరు.

నా గ్యాలరీ ఎవరు చూస్తారులే అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ రీసెర్చర్లు స్పార్క్‌క్యాట్ అనే మాల్వేర్‌ని బయటపెట్టారు. అది దొరికింది ఏవో ఊరూపేరూ లేని ఏపీకే ఫైళ్లలో మాత్రమే కాదు, గూగుల్ ప్లేలో, యాపిల్ యాప్ స్టోర్‌లో కూడా! ప్లే స్టోర్‌లోనే ఆ యాప్స్‌ని 2,42,000 సార్లకు పైగా డౌన్‌లోడ్ చేశారు. ఫోటోల పర్మిషన్ తీసుకోవడం, ఫోటోల్లోని అక్షరాలను ఓసీఆర్‌తో చదవడం, రికవరీ ఫ్రేజ్ లాంటిది కనపడితే ఆ ఫోటోని దొంగల సర్వర్‌కి పంపడం... ఇదీ దాని పని. ఒక ఫుడ్ డెలివరీ యాప్ అయితే సపోర్ట్ చాట్ ఓపెన్ చేసినప్పుడు మాత్రమే ఆ పర్మిషన్ అడిగేది. కంప్లయింట్‌కి ఫోటో పెట్టాలి కదా అని ఎవరైనా ఓకే నొక్కేస్తారు. అందుకే ఫోటోల పర్మిషన్ అడిగితే మొత్తం గ్యాలరీ ఇవ్వకుండా, కావాల్సిన ఫోటో ఒక్కటే సెలెక్ట్ చేసి ఇవ్వండి. ఐఫోన్‌లో, ఆండ్రాయిడ్ 14 నుంచి ఈ ఆప్షన్ ఉంది.

స్క్రీన్‌షాట్ ఇప్పటికే ఉంటే డిలీట్ చేసి ఊరుకోవద్దు. అది గూగుల్ ఫోటోస్ బ్యాకప్‌లోకో, వాట్సాప్‌లోకో వెళ్లి ఉండొచ్చు. పిన్ మార్చినా లాభం లేదు. కొత్త ఫ్రేజ్‌తో కొత్త వాలెట్ క్రియేట్ చేసి, కాయిన్లు అందులోకి మార్చేయండి. ఈసారి పదాలు కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకోండి.

ఇక ఫిషింగ్. 2021లో యాప్ స్టోర్‌లో ట్రెజర్ పేరుతో ఉన్న నకిలీ యాప్‌లో ఫ్రేజ్ ఎంటర్ చేసిన ఒక ఐఫోన్ యూజర్ 17.1 బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నాడు. అప్పటికి ట్రెజర్‌కి అసలు ఐఫోన్ యాప్ లేదు. కాబట్టి యాప్ లింక్‌ని కంపెనీ వెబ్‌సైట్ నుంచే తీసుకోండి, సెర్చ్‌లో పైన కనపడే యాడ్ నుంచి కాదు. 2020లో లెడ్జర్ కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు లీకయ్యాక కొందరి ఇళ్లకు నకిలీ లెడ్జర్ డివైజ్‌లే పోస్టులో వచ్చాయి. మీ పేరు, అడ్రస్ కరెక్ట్‌గా చెప్పాడని కంపెనీవాడే అని నమ్మేయొద్దు. ఏ కంపెనీ సపోర్ట్‌కీ మీ ఫ్రేజ్‌తో పని లేదు.

ఫ్రేజ్ అడగకుండా దోచే పద్ధతీ ఉంది. ఉచిత ఎయిర్‌డ్రాప్ అంటారు, వాలెట్ కనెక్ట్ చేసి అప్రూవ్ నొక్కమంటారు. అలా అన్‌లిమిటెడ్ అప్రూవల్ ఇచ్చేస్తే ఆ టోకెన్లను వాళ్లు ఎప్పుడైనా లాగేసుకోవచ్చు. తర్వాత సైట్‌ని డిస్‌కనెక్ట్ చేసినా ఆ అనుమతి అలాగే ఉంటుంది. ఈథర్‌స్కాన్‌లోని టోకెన్ అప్రూవల్ పేజీలో చూసి రద్దు చేయాలి, దానికి కొంచెం గ్యాస్ ఫీజు అవుతుంది.

పంపేటప్పుడు అడ్రస్‌ని పాత ట్రాన్సాక్షన్ల లిస్టు నుంచి కాపీ చేయొద్దు. మొదటి, చివరి అక్షరాలు అచ్చం ఒకేలా ఉండే అడ్రస్ నుంచి చిన్న ట్రాన్సాక్షన్ పంపి, ఆ లిస్టులోకి దొంగలు దూరతారు. 2024 మేలో ఇలాగే ఒకరు 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు తప్పు అడ్రస్‌కి పంపేశారు. బేరసారాల తర్వాత చాలావరకు వెనక్కి వచ్చాయి కానీ, అలాంటి అదృష్టం అందరికీ ఉండదు.

పొరపాటున పోతే వెంటనే 1930కి కాల్ చేసి, ట్రాన్సాక్షన్ హ్యాష్‌తో సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ ఇవ్వండి. డబ్బు ఏదైనా ఎక్స్ఛేంజ్‌కి చేరి ఉంటే ఫ్రీజ్ చేయించే ఛాన్స్ ఉంటుంది. మీ పోస్టు చూసి "ఫీజు ఇస్తే రికవర్ చేసిపెడతాం" అంటూ టెలిగ్రామ్‌లో పలకరించేవాళ్లు మాత్రం రెండో విడత దొంగలే, బ్లాక్ చేసేయండి.