పోలీసు కేసవుతుందని దాచకండి

ఇంట్లో ఒకరు విషం పుచ్చుకున్నారని తెలియగానే రెండు భయాలు పట్టుకుంటాయి. మనిషి దక్కుతాడో లేదోనని ఒకటి. పోలీసు కేసయి నలుగురిలో పరువు పోతుందేమోనని మరొకటి. ఈ రెండో భయంతోనే ఇంట్లో ఉప్పునీళ్ళు పట్టిస్తూ కూర్చుంటారు. తీరా ఆసుపత్రికి వచ్చాక, "తిన్నది పడలేదండీ" అంటారు. అసలు సంగతి మాకు తెలిసేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

చట్టం ఏమంటుందో తెలుసుకోండి. పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యా ప్రయత్నానికి ఏడాది వరకు జైలుశిక్ష ఉండేది. సుప్రీంకోర్టు 1994లో ఈ సెక్షన్ చెల్లదంది, 1996లో చెల్లుతుందంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మాత్రం, అటువంటి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలనీ, చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత అనీ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 309 వంటి సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో లొంగదీయడానికి చేసే ప్రయత్నం మాత్రమే నేరం. ఒకరిని ఆత్మహత్యకు పురికొల్పినవారికి పదేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది.

మరి ఆసుపత్రివారు పోలీసులకు ఎందుకు తెలియజేస్తారు? ఎవరైనా విషం పెట్టారా, వేధించారా అన్నది తేలాలి గనుక. రోగిని పట్టుకుపోవడానికి కాదు. ఈ కాగితాల కోసం వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే డాక్టర్లందరికీ స్పష్టం చేసింది.

కాబట్టి వెంటనే 108కి ఫోను చేయండి. వాంతి చేయించబోకండి. స్పృహ లేకపోతే ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పోయకండి. సీసా గాని, మాత్రల అట్ట గాని దొరికితే వెంట తీసుకురండి. ఏది, ఎప్పుడు పుచ్చుకున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. పైకి బాగానే కనిపించినా సరే, రండి. కొన్నింటి హాని రెండు మూడు రోజులకు గాని బయటపడదు.

ప్రాణం దక్కినంత మాత్రాన ఇంటివారి బాధ్యత తీరిపోలేదు. తొలి వారాలలో మళ్ళీ ప్రయత్నించే ప్రమాదం ఎక్కువ. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు తాళం వేసి ఉంచండి. "మా పరువు తీశావు" అని సాధించకండి. తప్పు అత్తదా, కోడలిదా, పరీక్షదా అని పంచాయితీ పెట్టకండి. ఇటువంటిదానికి ఒక్కటే కారణం ఉండడం అరుదు. మళ్ళీ అటువంటి ఆలోచన వస్తోందా అని నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ. మానసిక వైద్యునికి తప్పక చూపించండి. టెలి మానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చట్టం శిక్షించడం మానుకున్న మనిషిని మనం ఇంట్లో శిక్షించకూడదు.