ఆపరేటింగ్ సిస్టముల ఏలుబడియు, తెలుగు అక్షరమును

విజయనగరమునకును శ్రీకాకుళమునకును నడుమనున్న చీపురుపల్లి వంటి ఊళ్ళలో, శుభలేఖలు, కనకమహాలక్ష్మి అమ్మవారి జాతర గోడపత్రికలు, ఎన్నికల కరపత్రములు, పాఠశాలల ప్రశ్నపత్రములు అచ్చునకు సిద్ధపరచు డి.టి.పి. దుకాణములందు ఏండ్ల తరబడి నడచుచున్న కంప్యూటరును పరికించినచో, సాధారణముగ అడుగున విండోస్, దానిపై పుటలు కూర్చు పేజ్‌మేకర్, దానిలో ‘అను’ పేరుగల తెలుగు ఫాంట్లు కానవచ్చును. పేజ్‌మేకర్ 7.0 రూపము వచ్చినది 2001లో. ఆ తరువాత దానికి కొత్త రూపమే లేదు. అయినను, కీబోర్డు వంక చూడకయే ఒత్తులను, గుడులను చకచక కూర్చగల ఆపరేటరు దానిని విడువజాలడు. విండోసును మించినది లోకమున లేదని నమ్మి కాదు. తన వ్రేళ్ళ అలవాటు, ఖాతాదారుల పాత ఫైళ్ళు, ప్రెస్సువారు అడుగు ఫైలు, ఇవన్నియు ఆ మూడింటితోనే ముడిపడియున్నందున. ఆర్థిక శాస్త్రజ్ఞులు చెప్పు మార్కెట్ ఆధిపత్యమును కంటితో చూడగోరువారు అమెరికా న్యాయస్థానముల వరకు పోనక్కరలేదు. ఈ దుకాణము చాలును.

ఆపరేటింగ్ సిస్టమనగా, యంత్రమునకును మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి, మెమరీని, డిస్కును, తెరను, కీబోర్డును ఎవరికెంత కావలయునో పంచిపెట్టు ప్రోగ్రాము. తక్కిన ప్రోగ్రాములన్నిటిని ఏదో యొక సిస్టము పద్ధతికి లోబడి వ్రాయవలయును గనుక, ఒకదానికై వ్రాసినది మార్చి వ్రాయనిదే సాధారణముగ వేరొకదానిపై నడవదు. 1981లో ఐ.బి.ఎం. వెలువరించిన పర్సనల్ కంప్యూటరునకు మైక్రోసాఫ్ట్ సమకూర్చిన డాస్ సొంతముగ పుట్టించినది కాదు, సియాటిల్ కంప్యూటర్ ప్రాడక్ట్స్ అను చిన్న సంస్థనుండి కొన్నది. కాని దానిని ఇతర తయారీదారులకు గూడ అమ్ముకొను హక్కును తనయొద్దనే నిలుపుకొనుటలో మైక్రోసాఫ్ట్ దూరదృష్టి యంతయు ఉన్నది. తరువాతి కాలమున, డాస్ వేసినను వేయకున్నను అమ్మిన ప్రతి యంత్రమునకు రుసుము చెల్లించునట్లు తయారీదారులతో ఒప్పందములు చేసికొనగా, పోటీ సిస్టమును వేయదలచినవానికి రెండు రుసుములు పడెను. అమెరికా ప్రభుత్వముతో 1994లో కుదిరిన రాజీ వలన ఆ పద్ధతి ఆగినది గాని, అప్పటికే జరుగవలసినది జరిగిపోయెను.

1998 మే 18న అమెరికా ప్రభుత్వము మైక్రోసాఫ్ట్‌పై వేసిన దావాలో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ మరుసటి యేడు నవంబరులో వెలువరించిన నిర్ణయములు, నా దృష్టిలో, ఈ విషయమున ఇప్పటికిని చదువదగిన పత్రము. ఇంటెల్ తరహా పర్సనల్ కంప్యూటర్లలో, డాస్ తరువాత మైక్రోసాఫ్ట్ తెచ్చిన విండోస్ వాటా కొన్ని యేండ్లుగ నూటికి తొంబదియైదునకు తక్కువ కాదనియు, దానికై వ్రాసిన ప్రోగ్రాములు 70,000కు పైబడియున్నవనియు, ఐ.బి.ఎం. అంతటి సంస్థ తెచ్చిన ఓ.ఎస్.-2కు ఉచ్చదశలో సైతము సుమారు 2,500 మాత్రమే లభించినవనియు ఆయన లెక్కకట్టెను. ప్రోగ్రాములున్న చోటికి జనులు పోవుదురు, జనులున్న చోటికే ప్రోగ్రాములు వ్రాయువారు పోవుదురు. ఇట్లు దానంతట అదియే పెరుగు కోటగోడను వెలుపలివాడు ఎంత మేలైన సరకు తెచ్చినను దాటలేడు. సంస్థను రెండుగ చీల్చవలెనని 2000 జూన్‌లో ఆయన ఇచ్చిన ఆజ్ఞను పైకోర్టు 2001లో కొట్టివేసినను, గుత్తాధిపత్యమును నిలుపుకొనుటకు అక్రమమార్గములు త్రొక్కెనను నిర్ధారణను మాత్రము చాలవరకు నిలిపియుంచెను.

ఆ గోడయే తనను పెంచినవారికి అడ్డునిలిచిన ఘట్టమున ప్రధానపాత్ర వహించినది హైదరాబాదు బిడ్డ. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరి 4న దాని అధిపతి యగునాటికి, ఆ సంస్థ నోకియా ఫోన్ల వ్యాపారమును కొనుటకు సిద్ధపడియుండెను. విండోస్ ఫోను సొగసైనదే; కాని జనులు కోరు యాపులు ఐఫోనుకును ఆండ్రాయిడుకును ముందు వచ్చుచుండెను, దీనికి ఆలస్యముగ వచ్చుట, లేదా అసలు రాకపోవుట జరుగుచుండెను. 2015 జూలైలో ఆయన ఆ కొనుగోలుపై సుమారు 760 కోట్ల డాలర్లను నష్టముగ వ్రాసివేసి, 7,800 ఉద్యోగములను తగ్గించెను. ఇట్లు ఓటమిని ఒప్పుకొని, విండోసునే సర్వస్వముగ భావించు అలవాటునుండి సంస్థను మరల్చుట ఆయన చేసిన మేలైన పని యని నేను తలచుచున్నాను.

చేతిలోని ఫోనునకు వచ్చుసరికి మనదేశమున ఏలుబడి గూగుల్ వారి ఆండ్రాయిడుది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును పంచిన ఐదు లక్షలకు పైబడిన ట్యాబులు గూడ ఆ కోవలోనివే. మన 2002 కాంపిటీషన్ చట్టము ప్రకారము ఆధిపత్యము నిషిద్ధము కాదు, దానిని దుర్వినియోగపరచుట నిషిద్ధము. ఆండ్రాయిడు వాడు ముగ్గురు వినియోగదారుల ఫిర్యాదుపై విచారణ జరిపి, కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. తయారీదారుడు ప్లే స్టోరును కోరినచో గూగుల్ యాపుల గుంపునంతను ముందుగనే వేయవలెనను నిబంధన, ఆండ్రాయిడును మార్చి సొంత రూపము తయారుచేయరాదను నిబంధన, ఇవి అందు ముఖ్యమైన తప్పులు. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలిపి, ఆదేశములలో నాలుగింటిని తొలగించెను. అంతకు ముందే జనవరిలో, యాపులను విడివిడిగ వేసికొను వెసులుబాటును, వెదుకు సాధనమును వినియోగదారుడే ఎంచుకొను తెరను ఇచ్చెదనని గూగుల్ ప్రకటించెను. ఇది విజయమే, కాని ఫోను కొన్ననాడు తెరపై ఉన్నదానిని మార్చు తీరిక ఎందరికున్నది? న్యాయము వచ్చులోపల అలవాటు స్థిరపడిపోవును.

కనుక తెలుగువారికి మిగిలిన దారి, వ్రాతను యంత్రపు ఏలుబడినుండి విడదీయుట. పాత పద్ధతి ఫాంట్లలో కూర్చిన శుభలేఖను ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినను, వాట్సాపులో అతికించినను, వధూవరుల పేర్లుండవలసిన చోట అర్థముకాని రోమను అక్షరములు, చుక్కలు, గుర్తులు వరుసకట్టును. ఏలయన లోపల దాగియున్నవి ఆంగ్లాక్షరముల సంకేతములే, తెలుగు రూపము పైకి తొడిగినది మాత్రమే. అన్ని భాషల లిపులకు ఉమ్మడి సంకేతపట్టిక యగు యూనికోడు 1991లోనే తెలుగు అక్షరములకు సొంత స్థానములు కేటాయించినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో గౌతమి ఫాంటుతో తెలుగునకు చోటు దొరకెను. ఆ సంకేతములలో వ్రాసినది విండోసులోను, స్వేచ్ఛా సిస్టమగు లినక్సులోను, ఆండ్రాయిడులోను ఒక్కటే. సిలికానాంధ్ర సంస్థ ద్వారా వెలువడిన స్వేచ్ఛా ఫాంట్లలో ఒకదానికి గిడుగు పేరును, మరియొకదానికి బాల్యమున చీపురుపల్లిలో చదువుకొన్న గురజాడ పేరును పెట్టినారు. వాటిని ఎవరైనను మూల్యము లేకుండ ఏ సిస్టములోనైనను వాడుకొనవచ్చును. లినక్స్ ఆధారముగ తెలుగు మెనూలతో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు రూపొందించిన సిస్టము గూడ ఉన్నది. దక్షిణాదిననే కేరళ తన ప్రభుత్వ పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే బోధించుచు వచ్చినది. మన ప్రభుత్వములు ఆ పట్టుదలను చూపకపోవుట నాకు బాధాకరము.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు సాధారణముగ ఆగిపోయినవి. విండోస్ 11 కోరు టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము లేని పాత యంత్రములు అధికారికముగ దానికి అర్హములు కావు. బాగుగ పనిచేయు కంప్యూటరును పారవేయుటయో, లినక్సునకు మారుటయో తేల్చుకొనవలసిన చిన్న దుకాణదారునకు, మారనీయక పట్టియుంచునవి పాత ‘అను’ ఫాంట్ల ఫైళ్ళు. వాటిని యూనికోడునకు మార్చు కన్వర్టర్లు ఇప్పటికే కలవు. ఒత్తుల వద్ద పొరపాట్లు వచ్చినచో చేతితో దిద్దవలయును. ఇది ఒక్క దుకాణదారుని నెత్తిన పడవేయదగిన పని కాదు. గ్రామ చరిత్రలు, జాతర పుస్తకములు, మూతపడిన చిన్న పత్రికల సంచికలు ఎన్నియో ఆ ఫైళ్ళలోనే ఉన్నవి గనుక, జిల్లా గ్రంథాలయ సంస్థలు వాటిని సేకరించి, దిద్దువారికి కూలి యిచ్చి, యూనికోడులోనికి ఎక్కించవలయును. ప్రభుత్వ కార్యాలయములు ఇకపై యూనికోడు కాని తెలుగు ఫైలును స్వీకరింపకుండవలయును.