పరదేశపు వంటయంత్రములు - మన ఇంటి కరెంటు

అమెరికానుండి సెలవులకు వచ్చు బిడ్డల పెట్టెలలో తల్లిదండ్రులకై తెచ్చిన వంటింటి యంత్రమొకటి ఉండుట నేడు వింత కాదు. కాఫీ కాచునది, రొట్టె కాల్చునది, పిండి కలుపునది - ఏదో ఒకటి. అట్టి కానుక తెచ్చిన సంతోషము రెండు నిమిషములలో కమురు వాసనగా మారిన సందర్భము మా ఇంటనే జరిగినది. దగ్గరి బంధువొకరు తెచ్చిన కాఫీయంత్రమునకు, బజారులో దొరకు చిన్న మార్పిడి ప్లగ్గును తగిలించి స్విచ్చి వేసితిమి. ప్లగ్గు చక్కగా అమరినది. అంతటితో మేము తృప్తిపడితిమి. నీళ్లు కాగకముందే లోపల టప్పుమన్నది, పొగ వచ్చినది, ఇంటి ఫ్యూజు పోయినది. యంత్రము మరల పలుకలేదు.

తప్పు యంత్రముది కాదు. దాని అడుగున అతికించిన రేకుపై 120 వోల్టులు, 60 హెర్ట్జులు, 900 వాట్లు అని స్పష్టముగా ముద్రించియే ఉన్నది. మన ఇండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. వోల్టులు రెట్టింపునకు కొంచెము తక్కువే గదా, వేడియు అంతే పెరుగునని అనుకొనరాదు. వోల్టులు పెరిగిన పాళ్లలోనే తీగలోని ప్రవాహమును పెరుగును. వేడి ఈ రెంటి గుణకారము. కావున అది మూడున్నర రెట్లకు మించును. 900 వాట్ల యంత్రము సుమారు 3,300 వాట్లను, అనగా 14 ఆంపియర్లకు పైగా లాగబోవును. మేము దానిని గ్రుచ్చినది 6 ఆంపియర్ల సాకెట్టులో! ఫ్యూజు పోవుట మా అదృష్టము. ఫ్యూజులో లావుపాటి తీగ చుట్టి, ఇక పోదులే అని నిశ్చింతగా ఉండు ఇండ్లలో గోడలోని తీగలే కాలిపోవును. మార్పిడి ప్లగ్గు ముల్లుల ఆకారమును మార్చునే గాని వోల్టులను మార్చదు.

దేశమునకొక వోల్టు ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. 1882లో ఎడిసన్ న్యూయార్కు పెర్ల్ వీధి కేంద్రమునుండి సుమారు 110 వోల్టులతో దీపములు వెలిగించెను. అమెరికా ఇంచుమించు ఆ దారినే నిలిచినది. 1899లో బెర్లిన్ నగరపు విద్యుత్సంస్థ, ఉన్న తీగలపైననే హెచ్చు శక్తిని పంపవచ్చునని 220 వోల్టులకు మారెను. ఐరోపా ఆ వైపునకు ఒరిగినది. మన దేశమును ఆ వైపుననే ఉన్నది. జపానువారి సంగతి మరింత వింత. అచట వోల్టులు 100, కాని తూర్పున 50 హెర్ట్జులు, పడమట 60. తొలినాళ్లలో టోక్యోకు జర్మనీనుండియు, ఒసాకాకు అమెరికానుండియు విద్యుద్యంత్రములు తెప్పించిన ఫలితమది.

పాత వాల్వు రేడియో ఇంకను దాచుకొన్నవారు దాని వెనుక భాగము చూడుడు. కొన్నింటికి 110, 127, 220 అను అంకెలతో ఒక చిన్న మీట ఉండెడిది. నేటి ఫోను చార్జరుకు ఆ మీటతో పనిలేదు. రేకుపై 100-240 అని ఉన్నచో ప్లగ్గు మార్చిన చాలును. వంటింటి యంత్రములపై ఈ అంకె అరుదు.

120 మాత్రమే ఉన్నచో వోల్టులు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు కావలెను. కాఫీ, రొట్టె, ఇస్త్రీ వంటి వేడి పనులకు అది పెద్దది కావలెను, బరువైనది, ఖరీదైనది. ఒక రొట్టె కాల్చుటకై ఇంత శ్రమ మాకు విజ్ఞతగా తోచదు. ఇచట అమ్ము యంత్రమునే కొనుట మేలు. అరచేతిలో ఇముడు తేలికపాటి కన్వర్టర్లలో చాలవరకు కేవలము వేడి తీగ గల సాధనములకే పనికివచ్చును. మోటారుకు గాని, అంకెల గడియారమున్న యంత్రమునకు గాని వానిని తగిలించరాదు.

మోటారు సంగతి వేరు. కార్బన్ బ్రష్షులు గల మిక్సీకి, వోల్టులు సరిపోయినచో, 50 అయినను 60 అయినను ఒకటే. బ్రష్షులు లేని సాధారణపు మోటారు మాత్రము ఇచట ఆరవ వంతు నెమ్మదిగా తిరుగుచు వేడెక్కును. 60 హెర్ట్జులకు మాత్రమే చేసిన మైక్రోవేవ్ ఓవెనును తేకుండుటయే మంచిది. వోల్టులు సరిచేసినను, అందులో బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉన్నచో అది మితిమీరి కాగును. మోటారు కదలునప్పుడు క్షణకాలము ఎన్నో రెట్లు కరెంటు లాగును గనుక, రేకుపైని వాట్లకు రెట్టింపు వాట్ల ట్రాన్స్‌ఫార్మరు తీసికొనవలెను.

గృహిణులు ముఖ్యముగా గమనింపవలసినది మరియొకటి. చవుక ట్రాన్స్‌ఫార్మర్లలో పెక్కింటిలో లోపలి చుట్టు, బయటి చుట్టు ఒకటే తీగ. వోల్టులు తగ్గినవిగదా అని తడిచేతితో తాకిన షాకు తప్పదు. యంత్రమునకు మూడవ ముల్లు ఉన్నచో, ఆ ఎర్తు సంబంధము గోడ సాకెట్టువరకు తెగకుండ ఉండవలెను.

ఇటనుండి అటు మిక్సీ తీసికొనిపోవు ఆడపడుచులకు వేరొక చిక్కు. 230 వోల్టుల మిక్సీ అచటి 120పై మూలుగుచు తిరుగును. నానిన మినపపప్పు బరువుకు ఆగిపోయి, ఆగినచోటనే కాలును. 750 వాట్ల మిక్సీకి 1,500 వాట్ల, వోల్టులు పెంచు ట్రాన్స్‌ఫార్మరు కావలెను. లేదా 110 వోల్టులకే చేసి మన దేశమున అమ్ము మిక్సీని కొని తీసికొనిపోవలెను. రుబ్బుట ముగిసిన పిదప ట్రాన్స్‌ఫార్మరును గూడ గోడనుండి ఊడదీయవలెను. మిక్సీ ఆగినను అది సన్నగా రొదచేయుచు వెచ్చగనే ఉండును.