ఇంటి కారు అమ్మకం

కోనసీమలో భూమిని అమ్మే పద్ధతి ఒకటి ఉన్నది. పశువును అమ్మే పద్ధతి మరొకటి ఉన్నది. భూమికి హద్దులూ దస్తావేజులూ చూస్తారు. ఎద్దుకు పళ్లు లెక్కించి, సుడులు చూసి బేరమాడతారు. కొబ్బరితోటకు చెట్ల లెక్క, దింపుల లెక్క ఉండనే ఉన్నవి. కాని యాభై యేళ్లు ఇంటి మనిషివలె మసలిన మోటారు కారును, అందులోనూ పుట్టినప్పటి ఇంజను పోయి వేరొక ఇంజనుతో బ్రతికిన కారును, ఏ పద్ధతిన అమ్మవలెనో చెప్పే పెద్దలు లేరు. ఆ పద్ధతిని ఎవరికి వారే ఏర్పరచుకొనవలసి ఉన్నది. మా ఇంటి అంబాసిడరు విషయంలో నాకు కలిగిన ఆలోచనలు మరి కొందరికైనా పనికిరావచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

హిందూస్థాన్ మోటార్సు సంస్థ 1942లో స్థాపితమైనది. కలకత్తా సమీపాన ఉత్తరపారాలో దాని కర్మాగారం. ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి అని పేరున్న బండిని ఆ సంస్థ 1950 దశకం చివర అంబాసిడరు అనే పేరుతో తయారుచేయ నారంభించినది. పుట్టిన దేశంలో ఆ నమూనా కొద్ది సంవత్సరాలకే మూలపడినది. ఇక్కడ మాత్రం 2014 మే నెల వరకు, అంటే అర్ధశతాబ్దికి పైగా, ముఖం కొంచెం కొంచెం మార్చుకుంటూ, ఆకారం విడువక తయారవుతూనే వచ్చినది. మంత్రులకూ కలెక్టర్లకూ అది అధికార చిహ్నం, టాక్సీవానికి జీవనాధారం, పెండ్లివారికి ఊరేగింపు రథం.

గౌతమికీ వసిష్ఠకూ నడుమ సముద్రానికి ఎదురుగా ఉన్న మా సీమలో కారు కొనుట ఒక ఎత్తు, దానిని ఏరు దాటించుట ఒక ఎత్తు. యానాం-ఎదుర్లంక వంతెన 2002లో గాని రాలేదు. అంతకుముందు కాకినాడ వైపు పోవలెనంటే రేవులో పంటు ఎక్కించవలసినదే, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి పోవలసినదే. బల్లల మీదుగా కారును పంటుపైకి ఎక్కించేటప్పుడు డ్రైవరు ఒక్కడే లోపల ఉండేవాడు; తక్కినవారందరూ దిగి, గట్టున నిలబడి, ఊపిరి బిగపట్టి చూసేవారు. కాలువ గట్ల మీది గతుకు దారులకు ఎత్తుగా నిలిచే బండి కావలెను. వెనుక కమానుకట్టలు గట్టివై ఉండవలెను. చెడితే ఊరిలోనే బాగుపడేదై ఉండవలెను. ఈ మూడు గుణాలూ అంబాసిడరులో ఉన్నవి. అందుచేతనే అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఆ బండి అంతగా వేళ్లూనినది.

మా కారు 1972 నాటి మార్క్-2 రకం. 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజనుతో పుట్టినది. రాజమహేంద్రవరంలో ఒక వైద్యుడు మూడేళ్లు వాడిన తరువాత 1975లో మా నాన్నగారు దానిని కొన్నారు. మా వీధిలో ప్రసవాలకూ పరీక్షలకూ అదే వాహనం. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికీ, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ పట్టినంతమందిని కాదు, ఎక్కినంతమందిని మోసినది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద చమురుబావి నుండి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ రోజులలో ఆ చుట్టుపట్ల ఉన్న మా బంధువుల పిల్లలనూ వృద్ధులనూ నాలుగు విడతలుగా మా ఇంటికి చేర్చినది ఈ కారే. 1996 నవంబరు 6 నాటి తుపానులో కొబ్బరిచెట్టు ఒకటి షెడ్డు మీద పడి దాని కప్పును సొట్టపరచినది. ఆ సొట్టను తీయించారు గాని, చేతితో తడిమితే ఇప్పటికీ తెలుస్తుంది.

ఇంజను మార్పు 1987లో జరిగినది. పెట్రోలు ఖరీదు మా నాన్నగారి ఆదాయాన్ని మించి పోతున్న కాలం. డీజిలు చౌక. మెటడారు వ్యాన్ల కొరకు తయారైన డీజిలు ఇంజనును అంబాసిడరులో కూర్చే విద్య అప్పటికి మన మెకానిక్కులకు కరతలామలకమైనది. అది చెప్పినంత తేలిక పని కాదు. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తేనే ఇంధనం మండుతుంది. డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా అదిమిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. అంతటి ఒత్తిడిని తట్టుకొనవలెను గనుక ఆ ఇంజను బరువు ఎక్కువ, అదురు ఎక్కువ. కాబట్టి దానిని నిలిపే దిమ్మలు మార్చవలసి వచ్చినది. ఛాసిస్‌కు రెండు చోట్ల అతుకులు వేయవలసి వచ్చినది. ముందువైపు సస్పెన్షను బిగించి, పెద్ద బ్యాటరీ, పెద్ద రేడియేటరు అమర్చవలసి వచ్చినది. స్టీరింగు పక్కన ఉండిన హ్యాండు గేరు నేల గేరయినది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన అడుగు రేకులు రెండుసార్లు మారినవి. మార్పునంతా అప్పుడే రిజిస్ట్రేషను పుస్తకంలో నమోదు చేయించారు. ఆ పని చేసిన మేస్త్రీకి అప్పుడు ముప్పది యేళ్లు. ఇప్పుడు డెబ్బదికి దగ్గర పడినాడు.

కాలం ఆ మార్పు వెనుక ఉన్న కారణాన్ని క్రమంగా హరించినది. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2010 జూనులో తొలగినది. డీజిలుపై 2014 అక్టోబరులో తొలగినది. రెంటి ధరలకూ నడుమ ఉండిన పెద్ద అంతరం తగ్గిపోయినది. ఆ 2014లోనే అంబాసిడరు తయారీ కూడ ఆగినది. ఆవిధంగా మా కారు తనను కన్న కర్మాగారం కంటెను, తన గుండె మార్చిన కారణం కంటెను ఎక్కువ కాలం బ్రతికినది.

ఇక చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని గట్టిగా సమర్థించినది. 2021 జులైలో కేంద్రప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు చేసినది. యాభై యేళ్లు దాటిన వాహనానికి ఆ గౌరవం దక్కుతుంది. కాని అది మొదటి రూపంలోనే ఉండవలెను. ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పు జరిగి ఉండరాదు. ఇందులో ఒక చిత్రమున్నది. షెడ్డులో ముసుగు కప్పుకొని కూర్చున్న కారు చరిత్రకు ఎక్కుతుంది. ఊరి అవసరాలకు తగినట్లు మారుతూ యాభై యేళ్లు చాకిరి చేసిన కారు ఎక్కదు. నియమం చేసినవారిని తప్పు పట్టలేము. మొదటి రూపం ఏమిటో భావి తరాలకు తెలియవలె గదా. ఐనను, మన పల్లెలలో మోటారు ఎట్లు బ్రతికినదో చెప్పే సాక్ష్యం మాత్రం ఆ రెండవ రకపు బండిలోనే ఉన్నది.

అమ్ముతామనగానే ముగ్గురు వచ్చారు. మొదటివాడు పాత ఇనుము వ్యాపారి. సుమారు 1,100 కిలోల బండికి కిలోల లెక్కన ధర చెప్పి, కారు తలుపు కూడ తీసి చూడలేదు. రెండవవాడు యువకుడు, వెడల్పు చక్రాలు, చెవులు చిల్లులు పడే పాటలపెట్టె అమర్చి తీర్థాలకు త్రిప్పుతానన్నాడు. మూడవవాడు విశాఖపట్నంలో పాత వాహనాలు సేకరించే ఇంజనీరు. అతడు కారు కిందికి దూరి అరగంట చూసి, “డీజిలింజను తీసేసి, దీని జాతి పెట్రోలింజను వెతికి పెడతానండీ. మళ్లీ 1972లోకి తీసుకువెడతాను” అన్నాడు. ధర కూడ అతడే ఎక్కువ చెప్పాడు.

న్యాయంగా నేను సంతోషించవలసినది. కాని ఆ మాట నాకు రుచించలేదు. మా నాన్నగారు అప్పు చేసి వేయించిన ఇంజనును తీసిపారవేస్తే, ఆయన ముప్పది యేళ్ల ప్రయాణాన్ని చెరిపివేసినట్లు కాదా అనిపించినది. ఇంజను తీయనని మాట ఇస్తేనే అమ్ముతానని అందామనుకున్నాను. ఈ సంగతి వృద్ధుడైన ఆ మేస్త్రీతో చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, “అబ్బాయిగారండీ, ఇంజను మార్చేటప్పుడు మీ నాన్నగారు కలకత్తావోళ్ల సెలవు తీసుకున్నారాండీ?” అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. నిజమే. ఉత్తరపారావారు ఇంగ్లీషు బండిని తమ అవసరానికి మార్చుకున్నారు. మా నాన్నగారు ఉత్తరపారా బండిని మా అవసరానికి మార్చుకున్నారు. కొనేవాడు తన అవసరానికి మార్చుకుంటాడు. మార్చే హక్కును అనుభవించిన ఇంటివారు, ఇకమీదట మార్చరాదని షరతు పెట్టుట తగునా? ఆ కారుపై మాకున్న ప్రేమకు మూలమే, అది మారుటకు సమ్మతించిన బండి కావడం గదా!

అమ్మేవాడు కొనేవాని చేతులు కట్టరాదు; కాని అతని కళ్లు తెరిపించవలెను. అందుచేత రెండు పుటల కాగితం వ్రాసి ఇచ్చాను. ఏ సంవత్సరం ఏమి మార్చినది, ఎందుకు మార్చినది, ఏ రేకు కొత్తది, రంగు మాటున ఛాసిస్‌కు అతుకులు ఏ రెండు చోట్ల ఉన్నవి, తుపానులో పడిన సొట్ట ఎక్కడిది, అన్నీ అందులో ఉన్నవి. పూర్వరూపం తెచ్చినా ఆ అతుకులున్న బండిని వింటేజి వాహనంగా రవాణా శాఖ ఒప్పుకొనకపోవచ్చునని కూడ చెప్పాను. అతుకుల మాట విని అతడు ధర తగ్గించాడు. తగ్గించవలసినదే. ఎద్దు సుడి దాచి అమ్మినవానికి మా ప్రాంతంలో మరుసటి సంతలో ముఖం చెల్లదు.

ఇక వ్రాతకోతల విషయంలో ఉదాసీనత కూడదని పాఠకులకు మనవి. 29, 30 నంబర్ల ఫారాలపై సంతకాలు చేసి ఊరకుంటే చాలదు. రాష్ట్రంలోపల అమ్మిన 14 రోజులలో అమ్మినవాడు రవాణా శాఖకు తెలియజేయవలెను. పుస్తకంలో పేరు మారనంతవరకు, ప్రమాదం జరిగితే బాధ్యత రిజిస్టరు అయిన యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పియున్నది. ప్రేమతో పెంచిన బండి అయినా, పేరు మార్చకుండా పంపితే అది రేపు మన గుమ్మానికే నోటీసు తేగలదు.

డీజిలింజను తనకు అక్కరలేదని కొన్నవాడు అన్నాడు. దానిని మేస్త్రీ అడిగి తీసుకున్నాడు. రొయ్యల చెరువు గట్టున నీరు తోడించుటకు బిగిస్తాడట. వ్యాను కొరకు పుట్టి, కారులో బ్రతికి, ఇప్పుడు చెరువు గట్టుకు చేరిన ఆ యంత్రానికి ఏ నిబంధన ప్రకారమూ గౌరవపత్రం రాదు. నడిచినన్నాళ్లు నడుస్తుంది, ఆగిన నాడు మేస్త్రీయే విప్పి చూస్తాడు.