నిజాము అలీఖాను దౌత్యనీతి – తెలుగు సీమల పంపకము

తనకంటె బలవంతులైన ఇరుగుపొరుగు రాజ్యముల నడుమ నిలువవలసిన రాజ్యమునకు రెండే ఆధారములు కలవు. ఒకటి సైన్యము, రెండవది రాయబారము. మొదటిది చాలనిచోట భారమంతయు రెండవదానిపై పడును. పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున హైదరాబాదు రాజ్యస్థితి ఇట్టిదే. పడమట పూనా పీష్వాలు, దక్షిణమున మైసూరు నేలిన హైదరాలీ, టిప్పు సుల్తానులు, తూర్పుతీరమున ఇంగ్లీషు కంపెనీవారు. ఈ ముగ్గురి నడుమ నిజాము అలీఖాను 1762 మొదలు 1803 వరకు, నలువదేండ్లకు పైగా, తన గద్దెను నిలుపుకొనెను. ఇది సామాన్యవిషయము కాదు. అయితే ఆ గద్దె నిలుచుటకు చెల్లించిన వెల యెంత? అది యెవరి భూమినుండి చెల్లినది? ఈ ప్రశ్నలు తెలుగువారికి ముఖ్యమైనవి. బళ్లారిలోను, బరంపురములోను, యానాములోను తెలుగువారు వేర్వేరు ప్రభుత్వముల క్రింద నుండుటకు గల కారణములలో కొన్నింటి మూలము ఆనాటి సంధిపత్రములలో కానవచ్చును.

సైన్యమునకు జీతముగా భూమి

మొదటి నిజాము 1748లో మరణించెను. పిమ్మట వారసుల నడుమ కలహము చెలరేగెను. 1751లో సలాబతుజంగును గద్దెనెక్కించినది ఫ్రెంచి సేనాని బుస్సీ. తన్ను నిలిపిన సైన్యమునకు జీతమీయ సలాబతుజంగు బొక్కసమున ధనము లేదు. కావున 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను ఆ సైన్యపోషణమునకై ఫ్రెంచివారికి వదలెను. మిత్రుని సైన్యమును వాడుకొనుట, దాని జీతమునకు బదులు తెలుగుభూమి నిచ్చుట అను పద్ధతి అక్కడ మొదలైనది. ఆ యేర్పాటుననే బుస్సీ పన్నులు వసూలుచేయ ఉత్తరమునకు కదలెను. విజయనగర ప్రభువు అతనితో చేరెను. 1757 జనవరిలో బొబ్బిలికోట నేలమట్టమైనది. దక్కను దర్బారులో వ్రాసిన కాగితము కళింగసీమలో నెత్తురుగా మారిన తీరు ఇది.

1758 డిసెంబరులో చందుర్తివద్ద కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారిని ఓడించెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము పట్టుకొనెను. ఫ్రెంచివారికి తోడుగా సైన్యముతో వచ్చిన సలాబతుజంగు మే నెలలోనే ఇంగ్లీషువారితో సంధిచేసికొని, మచిలీపట్టణమును పరిసర ప్రాంతములను వారికి వదలెను. నాలుగు సర్కారుల నేలిన ఫ్రెంచివారికి తీరాంధ్రమున చివరకు మిగిలినది యానామువంటి చిన్న స్థావరమే. దానిని వారు పలుమారులు కోల్పోయి, మరల పొంది, 1954 వరకు నిలుపుకొనిరి.

ఒకే భూమికి రెండు పత్రములు

నిజాము అలీఖాను గద్దెకు వచ్చునాటికి హైదరాబాదు 1760లో ఉద్గీరువద్ద మహారాష్ట్రులచేత ఓడి, దౌలతాబాదు, అహమ్మదునగరము మొదలగు దుర్గములను పోగొట్టుకొనియుండెను. 1763లో రాక్షసభువనమువద్ద మరల ఓటమి కలిగెను. పడమటి పొరుగువారిని ఒంటరిగా ఎదిరించుట అసాధ్యమని తేలిపోయినది.

ఇంతలో 1765లో క్లైవు మొగలు చక్రవర్తి షా ఆలమునుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించెను. చక్రవర్తికి ఆ భూమిపై పేరేగాని అధికారము లేదు. నిజాము కినుక వహించెను. ఫర్మానా యొక్కటియే చాలదని కంపెనీకిని తెలియును. 1766 నవంబరులో హైదరాబాదులో సంధి జరిగెను. కంపెనీవారు సర్కారులకై ఏటేట తొమ్మిదిలక్షల రూపాయలు చెల్లింతురు. అవసరమైనపుడు నిజామునకు సైన్యసహాయము చేయుదురు. గుంటూరు సర్కారు మాత్రము నిజాము సోదరుడగు బసాలతుజంగు జీవితకాలమువరకు అతని చేతనే యుండును. ఢిల్లీలో పేరుగల ప్రభువొకడు, హైదరాబాదులో బలముగల ప్రభువొకడు ఒకే భూమిని దానము చేసిరి. ఆ భూమిపై బ్రదుకువారిని అడిగినవారు లేరు.

త్రాసు నడుపు నేర్పు

నిజాము అలీఖాను నీతి త్రాసువంటిది. ఏ తట్ట బరువెక్కినను రెండవ తట్టలో తానుచేరి దానిని తేల్చుట ఆయన పని. 1767లో ఇంగ్లీషువారితో కలసి మైసూరుపై కదలి, త్రోవలోనే హైదరాలీతో చేతులు కలిపెను. తిరువణ్ణామలైవద్ద ఉభయులును ఓడగా, 1768లో మరల కంపెనీతో సంధి చేసికొనెను. ఆ తడవ సర్కారుల పేష్కషు తగ్గినది. పక్షము మారుటకు చెల్లించిన మొదటి వెల అది.

ఆయన నేర్పు పూర్తిగా కానవచ్చునది గుంటూరు వ్యవహారమున. 1779లో మద్రాసు గవర్నరు రంబోల్డు నిజామునకు తెలుపకయే బసాలతుజంగుతో బేరమాడి గుంటూరును సంపాదించి, ఆర్కాటు నవాబునకు కౌలుకిచ్చెను. నిజాము ఆగ్రహించి, మహారాష్ట్రులను హైదరాలీని ఇంగ్లీషువారికి ప్రతిగా ఒక కూటమిలో చేర్చెను. కంపెనీకి దక్షిణమున కష్టకాలము వచ్చినది. అంతట వారన్ హేస్టింగ్సు గుంటూరును తిరిగి యిప్పించెను. నిజాము కోరినది అంతియే. ఆయన యుద్ధమునకు దిగలేదు. కత్తి దూయకయే ఒక సర్కారును వెనుకకు రప్పించుకొనెను.

కాని 1782లో బసాలతుజంగు మరణించుటతో పాతసంధి ప్రకారము గుంటూరు కంపెనీకి చెందవలసివచ్చెను. ఆరేండ్లు జాగుచేసి, 1788లో నిజాము దానిని వదలెను. దానితో హైదరాబాదు రాజ్యమునకు సముద్రతీరము లేకపోయినది. పరాయివాని అనుమతి లేక ఓడయైనను చేరరాని రాజ్యమునకు, ఇతర ఐరోపా దేశములతో స్వేచ్ఛగా వ్యవహరించుట ఎట్లు సాధ్యమగును?

మిత్రుడు రాని దినము

1790లో కంపెనీ, పీష్వా, నిజాము మువ్వురును టిప్పుపై కూటమి కట్టిరి. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పు రాజ్యమున సగము మువ్వురకు పంచబడెను. కడప సీమ నిజామునకు వచ్చినది. పైకిది లాభమే. అయితే త్రాసులో ఒక బరువు తగ్గిపోయినది. మైసూరు బలహీనమైన వెనుక మహారాష్ట్రులకు నిజాముతో స్నేహమవసరము లేకపోయెను.

చౌతు బాకీలు అడుగుచు వారు 1795 మార్చిలో ఖర్డావద్ద నిజామును ముట్టడించిరి. నిజాము కంపెనీ సహాయమును ఆశించియుండెను. గవర్నరు జనరలు సర్ జాన్ షోరు, ఉభయులును తమకు మిత్రులేయని చెప్పి తటస్థముగా నుండెను. ఓడిన నిజాము దౌలతాబాదు మొదలగు భూములను, మూడుకోట్ల రూపాయలను ఇచ్చుటకు ఒప్పుకొని, తన మంత్రి అరస్తూజాను సయితము పూనాకు బందీగా పంపవలసివచ్చెను. కొలదికాలములో పూనాలో పీష్వా మరణించి, వారసత్వ కలహములు పుట్టినవి. బందీగానున్న ఆ మంత్రియే ఇరుపక్షముల నడుమ మెలగి, పోయినదానిలో చాలభాగము మాఫీ చేయించుకొని తిరిగివచ్చెను. బలము లేనిచోట బుద్ధి చేయగల పని కిది నిదర్శనము.

ఖర్డా పరాభవముతో నిజాము ఇంగ్లీషు పటాలములను పంపివేసి, ఫ్రెంచి సేనాని రేమండును ఆశ్రయించెను. అతని దళము పదునాలుగువేల వరకు పెరిగెను. కాని రేమండు 1798 మార్చిలో మరణించెను. అప్పటికి క్రొత్త గవర్నరు జనరలు వెల్లస్లీ ఫ్రెంచి భయముతో నుండెను. 1798 సెప్టెంబరు 1న సైన్యసహకార సంధి జరిగెను. ఆరువేల కంపెనీ సైన్యము హైదరాబాదున నిలుచును. నిజాము దానికి ఏటేట ఇరువదినాలుగు లక్షలకు పైగా చెల్లించును. ఫ్రెంచి దళము రద్దగును. అక్టోబరులో ఆ దళము రక్తపాతము లేకయే ఆయుధములు దించినది.

1799 మే 4న శ్రీరంగపట్టణము కూలెను. నిజాము సైన్యమును ఆ ముట్టడిలో కలదు. పంపకమున గుత్తి, గుఱ్ఱంకొండ మొదలగు సీమలు ఆయనకు వచ్చినవి. కాని 1800 అక్టోబరు సంధిలో, పెంచిన సైన్యము ఖర్చునకు బదులుగా, 1792లోను 1799లోను మైసూరునుండి వచ్చిన భూమినంతయు కంపెనీకి వదలెను. కంపెనీకి తెలుపక ఇతర రాజ్యములతో వ్యవహరింపనని గూడ మాట ఇచ్చెను. నలువదేండ్లు దౌత్యముతో బ్రదికిన రాజ్యము దౌత్యమునే అప్పగించినది. త్రాసులో బరువు లొకటొకటిగా తొలగిపోయిన పిదప, త్రాసు పట్టినవాని చేతిలో ఏమియు మిగులదు.

లాభమెవరిది, నష్టమెవరిది

నిజాము అలీఖాను చేసినదంతయు తప్పని చెప్పుట న్యాయము కాదు. కత్తిని నమ్మిన టిప్పు రాజ్యము 1799లో కూలినది. పీష్వా అధికారము 1818లో అంతరించినది. హైదరాబాదు సంస్థానము 1948 వరకు నిలిచినది. గద్దె దృష్టితో చూచిన ఆయన దౌత్యము ఫలించినదనియే చెప్పవలెను. ప్రజల దృష్టితో చూచినపుడు లెక్క వేరుగ నుండును. 1753లో బుస్సీకి, 1766లోను 1788లోను కంపెనీకి, మరల 1800లో కంపెనీకి సైన్యసహాయము కొనుటకో, నిలుపుకొనుటకో చెల్లిన భూమిలో అధికభాగము తెలుగుభూమియే. సర్కారుల పేష్కషును సయితము 1823లో కంపెనీవారు ఏకమొత్తము చెల్లించి రద్దుచేసికొనిరి.

ఫలితముగా సర్కారులును, దత్తమండలములును మద్రాసు రాజధానిలో చేరినవి. తెలంగాణము నిజాము పాలనలో ఉండిపోయినది. ఒకే భాష మాట్లాడువారు రెండు రకముల పన్నులకు, రెండు రకముల న్యాయస్థానములకు, రెండు రాజభాషలకు లోబడిరి. ఒకరికి ఇంగ్లీషు, మరియొకరికి మొదట పారశీకము, పిమ్మట ఉర్దూ. శ్రీకాకుళము సర్కారు ఉత్తరభాగమగు గంజాము సీమలో బరంపురము 1936లో ఒరిస్సాకు చెందినది. దత్తమండలములలోని బళ్లారి 1953లో మైసూరునకు పోయినది. నిజాము రాజ్యముననే మిగిలిన మరాఠీ, కన్నడ మండలములు 1956లో బొంబాయి, మైసూరు రాష్ట్రములలో కలియగా, నాందేడు, రాయచూరు ప్రాంతముల తెలుగువారు అచ్చటి ప్రజలైరి. ఈ చివరి సరిహద్దులను గీచినది భాషా జనసంఖ్యయే గాని నిజాము కాదు. అయినను, ఏ భూమి ఏ పాలనలో నుండి అక్కడకు చేరవలెనను విషయమును నిర్ణయించినవి ఆ పాతపత్రములే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడుటలోను, 2014లో తెలంగాణ వేరగుటలోను, పాతపాలనల జాడలు చర్చకు వచ్చుట అందరెరిగినదే.

1800లో చేతులు మారిన సీమకు 'దత్తమండలములు' అను పేరు నిలిచినది. దత్తమనగా ఇయ్యబడినది. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు. ఆ నేలను దున్నినవానికి ఆ పేరులో చోటు లేదు. 1928లో నంద్యాలలో కూడిన సభలో ఆ సీమవారు ఆ పేరును త్రోసివేసి, చిలుకూరి నారాయణరావుగారు సూచించిన 'రాయలసీమ' అను పేరును స్వీకరించిరి. సంధిపత్రములను మార్చుట ప్రజల వశము కాదు. తమ నేలను తాము ఏమని పిలుచుకొనవలెనో, తమ బిడ్డలకు ఏ భాషలో ఆ చరిత్ర చెప్పుకొనవలెనో నిర్ణయించుట మాత్రము వారి వశమే. ఎల్లల కావల నివసించు తెలుగువారికి ఈ చరిత్రమునుండి గ్రహింపదగినది అదియే.